షట్టరు వెనక సాక్సఫోను

బెంగళూరు నుంచి తబస్సుమ్ ఫోనులో అన్నది "జాజ్" అని. కడపలో ఆమె జేజి హుసేనమ్మ చెవిలో పడింది "జాజికాయ" అని. తప్పు ఫోనుదీ కాదు, హుసేనమ్మదీ కాదు. అది బ్యాండు సెట్టు ఇల్లు. ముందు గదిలో డ్రమ్ములు, వెనక గదిలో ట్రంపెట్లు, మధ్యలో ఎక్కడ చోటు మిగిలితే అక్కడ మనుషులు. ఆ మోతలో ముసలిదైన చెవికి సగం మాట అందితే చాలు, మిగతా సగం అదే వండుకుంటుంది.

"నాయనకి ఒక పెట్టె పంపిస్తాండా జేజీ. అంతా లండన్ జాజ్. మెల్లగా దించుకోండి, కింద పడితే పగుల్తాది," అంది మనవరాలు.

లండన్‌లో జాజికాయ కాస్తుందా అని హుసేనమ్మకు అనుమానం రాలేదు. సాయంత్రానికల్లా వీధి వీధంతా చెప్పేసింది. పెట్టె దిగిన రోజు ఎదురింటి నాగలక్ష్మమ్మ గిన్నె తీసుకుని వచ్చేసింది. హుసేనమ్మ రోలు కడిగి కూర్చుంది. కోడలు మాబున్ని కత్తిపీటతో అట్టపెట్టె కోస్తే లోపలినుంచి ఒక రికార్డు ప్లేయరు, రెండు స్పీకర్లు, అట్టల్లో నల్లగా నిగనిగలాడే రికార్డులు బయటపడ్డాయి.

"ఇవేంది మే? కాయలంటే పెనాలు పంపిచ్చింది!" అంది హుసేనమ్మ.

"పెనానికి నడిమిట్ల బొక్క గూడా ఉండాది. దోసె పోస్తే పొయ్యిలోకే," అని నాగలక్ష్మమ్మ ఖాళీ గిన్నెతో వెళ్ళిపోయింది.

హుసేనమ్మ కొడుకు ఖాసిం వలి ఒక అట్ట తిప్పి చూశాడు. దాని మీద ఇంగ్లండు పిల్లలు, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి, మామూలు చొక్కాలతో బాకాలు పట్టుకుని ఏదో సంత ముందు నిలబడి ఉన్నారు. "పాపం, ఇంత లండన్‌లో ఉండి కూడా కోట్లు లేనోళ్ళు," అన్నాడు. తొడుక్కునే కోట్లు అని ఆయన ఉద్దేశం. ఖాసిం వలి బ్యాండు సెట్టులో ప్రతి మనిషికీ ఎర్ర కోటు ఉంది. మాస్టరైన తనకు మాత్రం బంగారు జరీ భుజాల కోటు, జరీ టోపీ ఉన్నాయి. అవన్నీ కుట్టింది, ఉతికింది, పెళ్ళి విందుల్లో పడిన సాంబారు మరకలు వదిలించింది మాబున్ని. విజిటింగు కార్డు మీద ఆమె పేరు లేదు. మరకలు వదిలినట్టే అదీ వదిలిపోయింది.

"అటక మీద పెట్టేయి," అని ఆయన నిద్రకు వెళ్ళాడు. మాబున్ని అటకకు ఎక్కించలేదు. కుట్టుమిషను పక్కన స్టూలు మీద పెట్టింది.

మాబున్ని పుట్టింది మహానంది దగ్గర పల్లెలో. దూదేకుల వాళ్ళ ఇల్లు, నాదస్వరం ఇల్లు. నాయన తెల్లవారి లేచి గుడికి పోయి స్వామిని లేపి, ఇంటికి వచ్చాక కొడుకుల్ని లేపి సాధకం చేయించేవాడు. కూతుర్ని మాత్రం ఎవరూ లేపనక్కర్లేదు, ఆమె అప్పటికే లేచి పొయ్యి ఊదుతూ ఉండేది. అన్నలు రాగం తప్పితే వంటింట్లో ఈమెకు చురుక్కుమనేది. అప్పడాల కర్ర మీద వేళ్ళు వాటంతట అవే పరిగెత్తేవి. ఒకసారి ఎవరూ లేనప్పుడు నాయన వాయిద్యం నోట పెట్టుకుంటే అవ్వ చూసింది. "ఆడపిల్ల ఊదితే దవడలు పెరుగుతాయి, ఆ మొకాన్ని ఎవుడు చేసుకుంటాడు?" అంది. మాబున్ని దవడలు పెరగకుండానే పెళ్ళి జరిగింది. కడపకు వచ్చిన కొత్తలో మొగుడు చింతపండు ముద్ద చేతికిచ్చి, ఇత్తడి వాయిద్యాల కుప్ప చూపించి, "తోమినాక ఒక్కొక్కటీ ఊది సూడు. గాలి యాడన్నా పోతాందేమో తెలుస్తాది," అన్నాడు. అదీ సంగతి. అమ్మగారింట్లో తప్పయింది అత్తగారింట్లో పనయింది. సంగీతంగా అడిగితే దొరకనిది పాచిపనిగా దొరికింది. పెళ్ళిళ్ళు లేని మూఢంలో బ్యాండు పడుకుంటే, మాబున్ని మధ్యాహ్నం పూట షట్టరు దించుకుని గాలి ఎక్కడ పోతోందో వెతుకుతూ సాక్సఫోను ఊదేది. గాలి ఎక్కడికీ పోయేది కాదు. ఆమే ఎక్కడికో పోయేది.

ఆ సాక్సు మొదట ఖాసిం వలిదే. బాగానే వాయించేవాడు కూడా. ఒక ఏడు మంగంపేట పెళ్ళి నుంచి వస్తూ జనరేటరు వ్యానులోంచి జారి పడి ముందు పళ్ళు పోగొట్టుకున్నాడు. కట్టుడు పళ్ళతో అన్నం తినొచ్చు గానీ సాక్సు మూతిని కరిచి పట్టలేం. పళ్ళు పోయాయి గానీ ఆయన పలుకుబడి పోలేదు. "మాస్టరంటే వాయించేవాడు కాదప్పా, నడిపించేవాడు," అని చెప్పి కర్ర పుచ్చుకుని బ్యాండు ముందు నడవసాగాడు. పళ్ళ సంగతి ఇంట్లో వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. వీధికి తెలిసింది ఒక్కటే, మధ్యాహ్నం షట్టరు వెనక ఎవరో అద్భుతంగా సాక్సు వాయిస్తున్నారు. బ్యాండు మాస్టరు ఇంట్లో సాక్సు వాయించేది బ్యాండు మాస్టరు కాక ఇంకెవరు? ఆ వేళకు ఆయన నడిమింట్లో గుర్రు పెట్టి నిద్రపోతూ ఉంటాడని ఎవరు అనుకుంటారు? పాతికేళ్ళు బ్యాండు ముందు నడిచిన చెవులవి, సాక్సు ఆయనకు జోలపాట.

మొదటిసారి నాగలక్ష్మమ్మ వచ్చి, "ఏమప్పా ఖాసిమూ, నిన్న మద్యాన్నం ఏం వాయించినావు! చేతిలో పనిడిసి కూచున్యా," అన్నప్పుడు మాబున్ని మంచినీళ్ళ చెంబు పట్టుకుని పక్కనే ఉంది. ఇప్పుడు చెబుతాడు అనుకుంది. ఆయన ఒక క్షణం ఆగాడు కూడా. తర్వాత, "ఏదోలే అక్కా, పెద్దల పుణ్యం," అన్నాడు. ఆ రోజు ఆమెకు కోపం రాలేదు, సిగ్గు వేసింది. సిగ్గు వేయవలసిన వాళ్ళకు వేయకపోతే అది పక్కన చెంబు పట్టుకుని ఉన్నవాళ్ళకు వేస్తుంది. ఆ తర్వాత పొగడ్తలు ఆయనకు అలవాటయ్యాయి, మౌనం ఆమెకు అలవాటయింది. చివరికి కన్న కూతురు కూడా, బడీ హాస్టలూ అంటూ మధ్యాహ్నాలు ఇంట్లో ఉండని పిల్ల గనక, "నాయన సాక్సు వాయిస్తాడు" అనే నమ్మి పెరిగింది. అందుకే స్నేహితురాలు ఊరు మారుతూ ఇచ్చేసిన రికార్డులను నాయన పేరిట పంపింది.

మాబున్ని మొదటి రికార్డు పెట్టిన మధ్యాహ్నం, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ సామాను మెట్ల మీద దొర్లిస్తున్నట్టు అనిపించింది. డ్రమ్ములు ఒక దారి, బాకాలు ఒక దారి. తీసేద్దామని చెయ్యి చాపింది. అప్పుడు అడుగున ఒక పెద్ద బాకా వినిపించింది, తమ బ్యాండులో దావీదురాజు భుజాన మోసే బేసు బాకా లాంటిదే. పెళ్ళిళ్ళలో దాని పని బుం బుం అనడమే. ఇక్కడ మాత్రం అది బేసు కాదు, భేషు. గోడలాగా నిలబడి, దాని మీద మిగిలినవాళ్ళను ఎక్కి ఆడుకోమంటోంది. అంతలో సాక్సు అందుకుంది. మాబున్ని చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆ సాక్సు ఒక మాట మొదలుపెట్టి, నడుమ ఆగి, ఆలోచించుకుని, మాట మార్చుకుని, ఎక్కడికో దూరం పోయింది. అంతసేపూ ఎవరూ దాన్ని ఆపలేదు. నాయన గుడి ముందు రాగం తీస్తుంటే డోలు అలా ఓపికగా కాచుకుని ఉండేది. మాబున్ని స్టూలు పక్కన నేల మీద కూలబడింది. ఈ ఇంట్లో తను మొదలుపెట్టిన ఒక్క మాటైనా చివరిదాకా పోయిందా? "అత్తా, నేను ఏమనుకుంటానంటే" అనేసరికి, "ముందు కూడు పెట్టు." "ఏమయ్యా, నాకొకటి" అనేసరికి, "సొక్కా ఇస్త్రీ అయిందా?" తన జీవితమంతా మొదళ్ళే, చివర్లు లేవు. లండన్‌లో ఎవరో ఒకరు చెప్పుకుంటూ పోతుంటే మిగిలిన వాళ్ళందరూ అడుగున ఆసరాగా నిలబడి వింటున్నారు. వినడం కూడా వాయించడమేనని వాళ్ళకు తెలుసు. ఆ సంగతి ఆమెకు నవ్వు తెప్పించింది, తర్వాత కళ్ళు తుడుచుకునేలా చేసింది.

అట్ట మీద సాక్సు పట్టుకున్నది ఒక అమ్మాయి అని ఆమె అప్పుడే గమనించింది. పేరు నోరు తిరగలేదు. ఆమె చేతిలో ఉన్నది టెనర్ రకం సాక్సు గనక "టెనరమ్మ" అని తనే పేరు పెట్టుకుంది. టెనరమ్మ దవడలు బాగానే ఉన్నాయి.

ఆ ఏడాది మూఢమంతా మాబున్నికి మంచి మూడే. రికార్డు తిరుగుతూ ఉంటే టెనరమ్మ పక్కన నిలబడి వాయించేది. మొదట అనుకరించింది. తర్వాత జవాబు చెప్పింది. ఆ తర్వాత టెనరమ్మ ఆగిన చోట మహానంది గుడి ముందర విన్న రాగమొకటి జొప్పించి చూసింది. బేసు బాకా దాన్ని కాదనలేదు. ఎదురింటి అరుగు మీద నాగలక్ష్మమ్మ, "ఈ మధ్య ఖాసిం కొత్త పాటలు కడతాండాడు," అని వచ్చినవాళ్ళకల్లా చెప్పింది.

టెనరమ్మ బ్యాండు బెంగళూరు వస్తోందని తబస్సుమ్ మాట వరసకు ఫోనులో చెప్పింది. మాబున్ని "కూతురికి ఊరగాయ ఇచ్చొస్తా" అని బస్సెక్కింది. జాడీ మొయ్యడానికి అనుమతి కావాలా? జాడీ ఆడవాళ్ళకు పాసుపోర్టు.

ఆ హాలులో కుర్చీలు లేవు. అందరూ నిలబడే వింటారట. "కాళ్ళు నొప్పులు పుడతాయి మా," అంది తబస్సుమ్. ఊరేగింపు వెంట నడిచే వాళ్ళకు బువ్వ మోసిన కాళ్ళకా నొప్పులు? మాబున్ని పిల్లల మధ్యలోంచి దూరి ముందుకు పోయి నిలబడింది. టెనరమ్మ వచ్చింది. మెడలో సాక్సు పట్టీ, నుదుట చెమట, కాలు కాస్త ఎడంగా వేసి, నేల తనదైనట్టు నిలబడింది. వాయిస్తూ వాయిస్తూ ఆపి, నోటి తడి విదిలించి, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా మళ్ళీ మొదలుపెట్టింది. ఆమె చెప్పదలచుకున్నది పూర్తిగా చెప్పింది. చెప్పి పక్కకు జరగ్గానే, పాట ఇంకా సగంలో ఉండగానే హాలంతా చప్పట్లు కొట్టింది. మాబున్ని బిత్తరపోయి చుట్టూ చూసింది. "ఇంకా కాలేదు గదా?" అంది.

"అయ్యేదాకా ఆగరు మా. ఎవరిది వాళ్ళకి అప్పుడే ఇచ్చేస్తారు," అంది కూతురు.

ఎవరిది వాళ్ళకి అప్పుడే. మాబున్ని ఆ మాటను కొంగున ముడి వేసుకున్నట్టు లోపల ముడి వేసుకుంది.

కచేరీ అయ్యాక టెనరమ్మ తనే బల్ల దగ్గర నిలబడి రికార్డులు అమ్ముతోంది. మాబున్నికి ఇంగ్లీషు రాదు, ఆమెకు కడప రాదు. ఏం చెప్పాలో తెలియక మాబున్ని తన కుడి చేతి బొటనవేలు చూపించింది. సాక్సు బరువంతా ఆ వేలి మీదే ఆగుతుంది, ఏళ్ళ తరబడి మోస్తే అక్కడ కాయ కాస్తుంది. టెనరమ్మ ఆ కాయ చూసింది, పెద్దగా నవ్వి తన బొటనవేలు చూపించింది. అక్కడా అదే కాయ. రెండు వేళ్ళూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు.

వెనక్కి వచ్చేటప్పుడు తబస్సుమ్ ఆటోలో అమ్మ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, "ఇది గిన్నెలు తోమి వచ్చిందనుకుంటి మా ఇన్నాళ్ళూ," అంది.

"తోమి గూడా వచ్చుంటాదిలే," అంది మాబున్ని.

కడపకు వచ్చేసరికి మొగుడు ముఖం వేలాడేసుకుని డ్రమ్ము మీద కూర్చుని ఉన్నాడు. నాగలక్ష్మమ్మ మనవరాలు హర్షిణికి పెళ్ళి. బ్యాండు మాట్లాడటానికి వచ్చిన నాగలక్ష్మమ్మ పదిమంది ముందు ఒకటే మాట అంది. "కర్ర పట్టుకోని నడిచేది కాదు ఖాసిమూ. మద్యాన్నం వాయిస్తావే, ఆ కొత్త పాట, అది నువ్వే వాయించాల." పదిమంది ముందు ఈయన "అట్లనే అక్కా" అన్నాడు. వ్యవహారం పీకల మీదికి వచ్చింది. సాక్సు నోట్లో పెట్టే పీకేమో పెళ్ళాం చేతిలో ఉంది.

"నేనొక ఉపాయం ఆలోచించినా," అన్నాడు. "వ్యానులో జనరేటరు పక్కన కూచోని టార్పాలిను ఎనకాల నువ్వు ఊదు. నేను ముందర అటక మీద పడుండే పాత సాక్సు పట్టుకోని దవడలు ఊదిస్తా. ఎవురికీ తెలీదు."

"పాతది పలకదు గదా?"

"అది పలికే పనేముంది?"

మాబున్ని చేతిలోని సంచి కింద పెట్టింది. పలకనిది ముందర, పలికేది వెనకాల. ఇన్నేళ్ళ కాపురాన్ని ఇంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు. మొగుడు చెప్పిన మాటల్లో ఇంత నిజమైన మాట ఇదొక్కటేనేమో అనిపించింది. ఆయన దుర్మార్గుడేం కాదు. చెయ్యి చేసుకున్నవాడు కాదు, తాగివచ్చినవాడు కాదు. కాస్త ఖాళీగా ఉన్న కుర్చీ కనిపిస్తే కూర్చున్నాడు, అంతే. ఆ కుర్చీ తనది అని ఆమె ఎన్నడూ చెప్పలేదు. చెప్పకపోవడం మంచితనం అనుకుంది. కాదని ఇప్పుడు తెలుస్తోంది. అది టార్పాలిను.

మర్నాడు అన్నాలయ్యాక దావీదురాజును పిలిపించి రికార్డు వినిపించింది. అతను బేసు బాకా ఒళ్ళో పెట్టుకుని కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు. "అక్కా, మన బాకాకి ఇంత మాట వచ్చునా?" అన్నాడు. "వస్తాది. ఒకటే గుర్తు పెట్టుకో అన్నా. నేను యాడికి పోయినా నువ్వు ఈడనే ఉండు. నేను ఆగినా నువ్వు ఆగొద్దు," అంది. అతను నాలుగుసార్లు వాయించి పట్టుకున్నాడు. ఆమె ఎందుకు నేర్పుతోందో అడగలేదు, అర్థమయిన వాడిలా తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆమె జరీ భుజాల కోటు తీసి, కుట్టుమిషను ముందు కూర్చుని, పక్క కుట్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. ఆమె కుట్టిన కుట్లే. ఎక్కడ ఊడతాయో ఆమె చేతికి తెలుసు.

నిద్ర లేచి వచ్చిన ఖాసిం వలి చూశాడు. "కోటు ఏంటికి ఇప్పినావు?"

"బిగుతు చేస్తాండా."

"నాకే గుండీ పడ్డంలేదు. ఇంకా బిగుతా?"

"నీకు కాదు."

ఆయనకు అర్థం కావడానికి మిషను ఒక చేతి పొడవు కుట్టేంత సేపు పట్టింది. "జనం ఏమనుకుంటారు మే?" అన్నాడు మెల్లగా.

"ఏమనుకున్నా గట్టిగానే అనుకుంటారు. మన చెవులకి అలవాటే గదా."

"పెళ్ళోళ్ళు ఎనక్కి పంపిచ్చేస్తే?"

"పంపిచ్చేదాకా వాయిస్తా." ఆమె దారం కొరికింది. "సూడయ్యా, నిన్ను నేను బయటపెట్టను. నేను బయటికొస్తా, అంతే."

పక్కన వక్కాకు దంచుకుంటున్న హుసేనమ్మ ఈ మాటలు విందో లేదో తెలియలేదు. దంచడం ఆపకుండానే, "ఆ ఎడమ భుజం జరీ కిందికి జారినాది, పైకి పెట్టి కుట్టు," అంది.

ఊరేగింపు పొద్దు వాలే వేళకు కదిలింది. ఎర్ర కోట్ల నడుమ జరీ భుజాల కోటు, దాని కింద చీర, మెడలో పట్టీ, పట్టీకి సాక్సు. మగపెళ్ళివారిలో ఎవరో "ఆడమనిషి బ్యాండా?" అన్నారు. ఆ మాట పూర్తయ్యేలోగా దావీదురాజు బేసు అందుకున్నాడు. డ్రమ్ములు దాని మీద ఎక్కాయి. మాబున్ని కాలు కాస్త ఎడంగా వేసింది. కడప వీధి, నడి వీధి, ఇప్పటిదాకా ముగ్గు వేయడానికో, బువ్వ మోయడానికో తప్ప దిగని వీధి. నేల తనదైనట్టు నిలబడి ఊపిరి తీసుకుంది.

లండన్ నడక, మహానంది గాలి. నేర్చిన చోటి నుంచి మొదలుపెట్టి నేర్చుకోని చోటికి పోయింది. ఒక మాట అంది, మార్చింది, మళ్ళీ అంది. అవ్వ అన్న దవడల మాట, చెంబు పట్టుకుని నిలబడిన సాయంత్రం, పూర్తికాని మాటలు, తెగిన మొదళ్ళు, అన్నీ చివరి దాకా పోయాయి. బేసు ఎక్కడికీ కదల్లేదు, ఆమె కోసం కాచుకుని ఉంది. పల్లకీలాంటి కారులోంచి పెళ్ళికూతురు హర్షిణి అద్దం దించి తల బయటికి పెట్టింది. "ఆడమనిషి బ్యాండా" అన్నాయన తలపాగా ఊగుతోంది.

నాగలక్ష్మమ్మ మాత్రం బ్యాండుకు అడ్డం వచ్చి నిలబడింది. "ఇదే పాట! ఇదే! ఖాసిమూ, నువ్వు వాయిస్తావనుకుంటే ఈయమ్మ వాయిస్తాందేంది?"

ఖాసిం వలి టోపీ సర్దుకున్నాడు. పెదవి తడుపుకున్నాడు. పాత అలవాటు గొంతు దాటి వచ్చేసింది. "నేనే నేర్పించినా అక్కా..."

మాబున్ని నోటి నుంచి సాక్సు తీసింది. దావీదురాజు ఆపలేదు. ఆ బుం బుం మీదే ఆమె, అరవకుండా, అందరికీ వినిపించేలా చెప్పింది.

"ఈయన నేర్పలేదక్కా. మా నాయన నేర్పినాడు, ఆయనకే తెలీకుండా. మద్యాన్నం పూట షట్టరు ఎనకాల మీరు ఇన్నేండ్లూ ఇన్నది నన్నే. ఆ యాళకి ఈయన నిద్రపోతాంటాడు."

అందరి చూపులూ ఖాసిం వలి వైపు తిరిగాయి. అప్పుడు జనంలోంచి హుసేనమ్మ కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చింది.

"నిజమే చెప్తాంది. నా కొడుకు మద్యాన్నం ఊదేది ముక్కుతోనప్పా!" అంది. ఘొల్లుమని నవ్వారు జనం. ఆమె నవ్వలేదు. "మాటలు నా చెవికి సరిగ్గా అందవు. పాట ఎవురిదో మాత్రం అందుతాది. ఎప్పుడో చెప్పాల్సింది నేను." అని కోడలి వైపు తిరిగి, చేతిలోని కర్ర చంకన పెట్టుకుని, పాట ఇంకా సగంలో ఉండగానే గట్టిగా చప్పట్లు కొట్టింది. హర్షిణి కొట్టింది. తర్వాత వీధంతా కొట్టింది.

ఖాసిం వలి జరీ టోపీ తీశాడు. ఇన్నేళ్ళూ వీధికి పెట్టిన టోపీ అది. ఏం చేయాలో తెలియక చేతిలో తిప్పుతుంటే, మాబున్ని చెయ్యి చాచి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. కోటుకు సరిగ్గా జతపడింది.

నాగలక్ష్మమ్మ ఇంకా నోరు తెరుచుకునే ఉంది. "అయితే ఆ పొద్దు మీ ఇంటికి పెట్టె వచ్చింది గదా, నన్ను ఖాళీ గిన్నెతో పంపిచ్చినారే... దాంట్లో ఉండింది ఇదేనా మాబున్నీ?"

"ఇదే అక్కా. అది జాజికాయ కాదు, జాజ్," అంది మాబున్ని, సాక్సు నోటి దగ్గరికి ఎత్తుతూ. "ఇప్పుడు పట్టు గిన్నె."